క్లచ్ మీద కాలు

“ఆరూ నలభైకి వస్తుంది మేడమ్. ఒక నిమిషం అటూ ఇటూ, అంతే.”

యోక్ లిన్ గొంతు బాగా తగ్గించి చెప్పింది. వంటింటి వెనక తలుపు ఓరగా తెరిచి, లైటు వెయ్యకుండా ఇద్దరం నిలబడి ఉన్నాం. ఆమె జాకెట్టు చేతికి చావు గుర్తుగా గుచ్చుకున్న గుడ్డముక్క ఆ మసక వెలుతుర్లో కూడా కనిపిస్తోంది. ఆమె భర్త ఫూంగ్ కా వెంగ్ పోయి ఆ గురువారానికి తొమ్మిది రోజులు.

“చనిపోయినవాళ్ళు ఏడో రోజు ఇల్లు చూసుకోడానికి వస్తారంటారు మావాళ్ళు. ఈయన మూడో రోజు నుంచే వస్తున్నాడు. కారులో.”

“ఆ కారు నుజ్జయిపోయి మా పోలీసు యార్డులో పడుంది యోక్ లిన్.”

“తెలుసు. అందుకే మీకు ఫోన్ చేశాను. ఆ ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్‌కి చెబితే నిద్రమాత్ర వేసుకుని పడుకోమన్నాడు.”

వాచీ చూసుకున్నాను. ఆరూ ముప్ఫై తొమ్మిది.

వెనక సందులోకి ఏదో బండి వచ్చి ఆగింది. ఇంజన్ ఆపలేదు. ఆ వెంటనే మొదలైంది చప్పుడు. రేకు డబ్బాలో గుప్పెడు గోళీలు పోసి ఆపకుండా కదుపుతున్నట్టు గలగల, గలగల. యోక్ లిన్ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. పదహారేళ్ళ కిందటి దాకా నా పడగ్గది కిటికీ కింద రోజూ వినిపించేది. మా తమ్ముడు రుస్దీ బండికీ అలాంటి క్లచ్చే ఉండేది. వాడూ ఒక పొద్దున వెళ్ళి తిరిగి రాలేదు.

రేసుల కోసం చేసిన రెండు ప్లేట్ల క్లచ్ అది. పెడల్ తొక్కి ఉంచినంతసేపే గలగలమంటుంది. కాలు తీస్తే నోరు మూసుకుంటుంది. అంటే ఆ గోడకి అవతల ఎవరో గేరు వేసి, క్లచ్ మీద కాలు పెట్టి, వెళ్ళాలో ఉండాలో తేల్చుకోలేక కూర్చున్నారు. లెక్కపెట్టాను. నలభై సెకన్లు. యాభై. అంత బిగువైన పెడల్‌ని అంతసేపు తొక్కిపట్టడం అలవాటు లేని కాలి వల్ల కాదు.

తలుపు తోసుకుని పరిగెత్తాను. నా అడుగుల చప్పుడు విన్నట్టుంది, బండి ఒక్కసారి గర్జించి, కప్పలా ముందుకి దూకి, సందు మలుపు తిరిగిపోయింది. కనిపించిందల్లా వెనక భాగం. రెండు తలుపుల తెల్ల కారు. కుడివైపు వెనక లైటు వెలగడం లేదు.

నేను తిరిగొచ్చేసరికి యోక్ లిన్ వంటింటి గడప మీద కూలబడి ఉంది.

“ఆయనేనా మేడమ్?”

“దయ్యాలు పెట్రోలు వాసన వదిలి వెళ్ళవు. లే.”

లోపల దేవుడి అరలో అగరొత్తులు వెలిగించింది. ఎడమ చేత్తో వెలిగించింది. కుడి చెయ్యి భుజం దాకా కూడా లేవడం లేదు. అడిగితే, నిద్ర సరిగా లేక మెడ పట్టేసిందంది. ఐదడుగులు కూడా ఉండదు మనిషి. మునివేళ్ళ మీద నిలబడితే గాని అర అందలేదు.

“ఆ బండి ఇంకెవరికైనా తోలడం వచ్చా?”

“ఎవరికీ రాదు. ఎనిమిదేళ్ళు ఆ క్లచ్‌తోనే మార్కెట్‌కి, గుడికి, పెళ్ళిళ్ళకి తిప్పాడు. వేరేవాళ్ళు కూర్చుంటే నాలుగడుగులు దూకి ఆగిపోయేది. మా అన్న ఒకసారి సిగ్నల్ దగ్గర ఆరుసార్లు ఆపేసి, దిగి నడిచి వచ్చేశాడు.” చిన్నగా నవ్వబోయి ఆగింది. “ఆ క్లచ్‌తో ఆ బండిని నేను అంగుళం కూడా కదిపి ఎరగను మేడమ్.”

తర్వాత ఆ మాటని నేను చాలాసార్లు తలుచుకున్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

తొమ్మిదింటికి యార్డుకి వెళ్ళాను. ట్రాఫిక్ విభాగం ఇన్‌స్పెక్టర్ హాషిమి నాకంటే ముందే వచ్చి, కా వెంగ్ కారు పక్కన కాఫీ తాగుతూ నిలబడ్డాడు. నాకంటే పదేళ్ళు చిన్న. ఒక ఫైలు మూసేశాడంటే దాని మీద ఈగ వాలినా ఓర్చుకోడు.

“రండి మేడమ్ మస్తూరా. దయ్యం కనిపించిందా?”

“వెనక భాగం కనిపించింది. లైటు పోయింది దానికి. ఫైన్ రాద్దురుగాని.”

“నా ఫైల్లో ఏముందో చెప్పమంటారా?” వేళ్ళు మడుస్తూ మొదలెట్టాడు. “మంగళవారం. సింపాంగ్ పులై కొండ రోడ్డు. పదకొండో మైలు మలుపు. కారులో గడియారం ఏడూ తొమ్మిదికి ఆగిపోయింది. నలభై అడుగుల కింద లోయలో బండి, దానికి పది అడుగుల దూరంలో శవం. బెల్టు పెట్టుకోలేదు, బయటికి విసిరేసింది. పదీ ఇరవైకి క్యాబేజీ తోట కూలీ చూశాడు. ఇక ఆ బండి తోలగలిగినవాడు ఊరు మొత్తంలో ఒక్కడే అని పదకొండు మంది సంతకం పెట్టి చెప్పారు. ఒక్కడే వెళ్ళాడు, ఒక్కడే పడ్డాడు. ఇందులో మీకు పనేముంది?”

“ఆ క్లచ్ అతని బండికి తాళం లాంటిదంటారు.”

“అంటాను. తాళంచెవి అతని ఎడమ కాలు.”

“టార్చ్ ఇలా ఇవ్వండి.”

గేర్‌బాక్స్ ముందు భాగం రాయికి తగిలి పగిలింది. చెయ్యి దూరేంత సందు. కింద గోనె పరుచుకుని పడుకుని లోపలికి లైటు కొట్టాను. రేస్ క్లచ్ అయితే లోపల రెండు ప్లేట్లు, వాటి అంచుల్లో రాగి రంగు లోహపు బిళ్ళలు కనిపించాలి. నాకు కనిపించింది ఒకే ఒక్క ప్లేటు. చుట్టూ గోధుమరంగు పట్టీ, మీద ఫ్యాక్టరీ వేసిన తెల్ల సుద్ద గీత కూడా చెరగలేదు.

“హాషిమి, పడుకోండి.”

“యూనిఫామ్ ఇవాళే ఉతికించాను.”

“పడుకోండి.”

పడుకున్నాడు. టార్చ్ లోపల అటూ ఇటూ తిప్పి చూశాడు. లేచి మోచేతులు దులుపుకున్నాడు.

“మామూలు క్లచ్,” అన్నాడు.

“కొత్తది. వారం కూడా తిరిగి ఉండదు. మీ తాళం తీసే ఉంది. ఆ మంగళవారం ఆ బండిని డ్రైవింగ్ స్కూల్లో చేరినవాళ్ళెవరైనా తోలగలరు.”

“తోలగలరు అంటే తోలినట్టు కాదు. పదహారేళ్ళ కిందట మీ తమ్ముడు ఇలాంటి బండిలోనే పోయాడని స్టేషన్లో అందరికీ తెలుసు. ఎక్కడ గలగలమన్నా మీకు వాడే వినిపిస్తాడు. దానికి నేను కేసు తిరగరాయలేను.”

డ్రైవర్ సీటు దగ్గరికి వెళ్ళి, దాని కింద పట్టాలోకి వేలు పెట్టాను.

“కా వెంగ్ ఎత్తెంత?”

“ఆరడుగులు.”

“ఈ సీటు ముందు నుంచి మూడో గాట్లో ఉంది. స్టీరింగ్ పొట్టకి ఆనుకునేంత దగ్గర.”

“నలభై అడుగులు దొర్లిన బండి. సీటు జరగదా?”

“జరిగితే సీటుని గాట్లో పట్టి ఉంచే మేకు ఊడేది. ఇది మూడో గాట్లో దిగి, అక్కడే వంగింది. బండి పడేటప్పుడు సీటు ఇక్కడే ఉంది. ఇందులో కూర్చున్నది పొట్టి మనిషి.”

హాషిమి కాఫీ కప్పు నలిపి విసిరేశాడు. మొండివాడే గాని బుర్ర తక్కువవాడు కాదు. “సరే. మరి పాత క్లచ్ ఎక్కడుంది?” అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. దాన్ని ఆ పొద్దున్నే చెవులారా విన్నాను.

కా వెంగ్ బండికి ఎనిమిదేళ్ళూ రిపేర్లు చేసిన మెకానిక్ సెల్వనాథన్. మెంగ్లెంబు పేటలో చిన్న షెడ్డు. నేను వెళ్ళేసరికి పదిన్నర. షెడ్డు మూలన రెండు తలుపుల తెల్ల కారు, కా వెంగ్‌ది ఏ మోడలో అదే. కుడివైపు వెనక లైటు పగిలి ఉంది.

తాళం దానికే వేలాడుతోంది. అడక్కుండానే ఎక్కి కూర్చున్నాను. సెల్వ పొడగరి కాబట్టి సీటు చివరిదాకా వెనక్కి ఉంది, పెడల్ అందడానికి అంచుకి జరగాల్సి వచ్చింది. స్టార్ట్ చేసి ఎడమ కాలితో తొక్కాను. గోడని తోస్తున్నట్టుంది. పిక్క వణికింది. గలగల, గలగల. షెడ్డంతా ఆ చప్పుడుతో నిండిపోయింది. రుస్దీ ఒకసారి నన్ను కూర్చోబెట్టి, “అక్కా, మెల్లగా వదలాలనుకోకు, దీనికి మెల్లగా అనేది లేదు, పట్టుకుంటే పట్టుకుంటుంది లేకపోతే లేదు,” అని నేర్పిన రోజు గుర్తొచ్చింది. కాలు తీసేసి, ఇంజన్ కట్టేశాను.

సెల్వ చేతులు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడ్డాడు. ఆరడుగుల రెండంగుళాలు. రుస్దీ స్నేహితుల్లో చిన్నవాడు. అప్పటి నుంచీ నన్ను అక్కా అనే పిలుస్తాడు.

“దొంగతనం కాదక్కా. ఆయనే ఇచ్చాడు.”

“ఎప్పుడు తీశావ్?”

“ఆదివారం. పడిపోడానికి రెండు రోజుల ముందు. మోకాలు పోయింది కదా ఆయనకి. ఎనిమిదేళ్ళు టౌన్లో ఆ పెడల్ తొక్కితే ఏం మిగులుతుంది? ప్రతి సిగ్నల్ దగ్గర కాలు వణికేది. శుక్రవారం ఆపరేషన్. మామూలు ప్లేటు వేసెయ్యమన్నాడు. ‘ఇది నువ్వు తోలు సెల్వా, మూల పడేస్తే తుప్పు పడుతుంది’ అన్నాడు.”

మోకాలి సంగతి పోస్ట్‌మార్టమ్ రిపోర్టులోనూ ఉంది. ఆ రిపోర్టు నా సంచిలోనే ఉంది. అందులో మోకాలి గురించి కాక ఇంకో వాక్యం ఉంది. దాన్ని రెండుసార్లు చదివి, మూడోసారి చదవలేక మడిచిపెట్టాను.

“రోజూ పొద్దున్నే యోక్ లిన్ ఇంటి వెనక ఎందుకు ఆగుతున్నావ్? దయ్యమనుకుని చస్తోంది ఆ పిల్ల.”

అతని ముఖం పాలిపోయింది. “వినిపిస్తోందా ఆమెకి?”

“నీకు చెవుడా? వీధంతా వినిపిస్తోంది.”

“దిగి తలుపు కొడదామని వెళ్తానక్కా. దిగాలంటే న్యూట్రల్‌లో పడెయ్యాలి. చెయ్యి రాదు. క్లచ్ తొక్కి అలాగే కూర్చుంటాను. ఆ తర్వాత వెళ్ళిపోతాను.”

“తలుపు కొట్టి ఏం చెబుదామని?”

వంగి నేల మీది పానా తీసి బల్ల మీద పెట్టాడు.

“ఆదివారం తర్వాత ఆ బండి ఎవరైనా తోలగలరు. అవునా?”

“అవును.”

“మోకాలు బాగోక తీయించాడు, సరే. ఆపరేషన్ అయ్యాక మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి ఎవరు తీసుకొస్తారు? ఎవరి కోసం తీయించాడు సెల్వా?”

“అది నన్నడక్కండి అక్కా.” అంత పొడుగు మనిషి చేతిలో గుడ్డని మెలిపెడుతూ నేల చూశాడు. “నేను ఆ ప్లేటు మార్చకపోతే ఆయన బతికుండేవాడు. అది ఒక్కటే నాకు తెలుసు. ఇంకేమీ తెలీదు.”

అప్పుడే జీపు వచ్చి ఆగింది. హాషిమి, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు.

“చచ్చినవాడి క్లచ్ నీ బండిలో,” అన్నాడు హాషిమి. “వాడి పెళ్ళాం ఇంటి చుట్టూ రోజూ నీ బండి. బ్రేకులు పాడుచేశావా, నువ్వే తోలుకెళ్ళి తోసేశావా, స్టేషన్లో చెబుదువుగాని పద.”

“హాషిమి, వీడు ఆ సీట్లో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. మీ కళ్ళతో చూశారు కదా ఆ గాటు.”

“పొద్దున నేను ప్రమాదమంటే మీరు కాదన్నారు. ఇప్పుడు నేను హత్యంటే అదీ కాదంటున్నారు. మీకు కావాల్సింది నిజమా, నేను తప్పవడమా?” సంకెళ్ళు తీశాడు. “రేపు పొద్దున మేజిస్ట్రేటు ముందు నిలబెడతాను. ఆలోగా మీ పొట్టి మనిషిని తీసుకురండి.”

సెల్వ చేతులు చాపాడు. జీపెక్కేముందు నా వైపు చూసిన చూపులో భయం లేదు. వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అంతే.

నాకప్పటికే సగం తెలిసిపోయింది. మిగతా సగం కొండ మీద దొరికింది.

పదకొండో మైలుకి కింద రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఒక పక్కే వదిలి, ఎరుపు ఆకుపచ్చ పలక తిప్పుతూ బళ్ళని ఆపుతాడు జిడిన్ అనే ముసలాయన. అరటాకు పొట్లంలో అన్నం తింటున్నవాడు నన్ను చూసి లేవబోయాడు.

“తినండి బాబాయ్. ఆ మంగళవారం పొద్దున తెల్ల కారు గుర్తుందా?”

“గుర్తుండకపోవడమేంటమ్మా? నేను వదిలిన బండే కదా పడింది. అప్పట్నుంచీ ఈ పలక తిప్పాలంటే చెయ్యి ఆడటం లేదు.” సంచిలోంచి నోట్‌బుక్కు తీశాడు. బండి వదిలిన ప్రతిసారీ టైము రాయమన్నాడట కాంట్రాక్టరు. “ఇదిగో. ఆరూ యాభై ఎనిమిది. పైకి. ఆ ఒక్క బండే.”

“వాలు మీదే ఆపారా?”

“ఇదుగో, ఇక్కడే. చూస్తున్నావు కదా, నిలబడితే కాలు జారే ఎత్తు. లారీలవాళ్ళు కూడా కొంచెం వెనక్కి జారి కదుల్తారు. ఈ బండి మాత్రం వెన్నలో కత్తి దిగినట్టు కదిలింది. అంగుళం వెనక్కి జారలేదు. బాగా తోలావని చెయ్యి ఊపాను కూడా.”

“తిరిగి ఊపాడా?”

“ఊపాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి బొటనవేలు చూపించాడు. నవ్వుతున్నాడు.”

“మీరు ఏ పక్క నిలబడ్డారు బాబాయ్?”

“ఈ పక్కే. ఎడమ పక్క. ఎప్పుడూ ఇక్కడే కదా నిలబడేది.”

నేను వెళ్ళి ఆయన చూపించిన చోట నిలబడి వాలు వైపు చూశాను. మా కార్లకి స్టీరింగ్ ఉండేది కుడివైపు. ముసలాయన ఎడమ కిటికీలోంచి వచ్చిన చెయ్యి చూశాడు, ఆ మనిషి చాటున తోలుతున్నదెవరో చూడలేదు. కా వెంగ్ పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. నవ్వుతూ, గర్వపడుతూ. ఎవరో ఎత్తు మీద ఆపి, జారకుండా ఎక్కించారని. డ్రైవింగ్ పరీక్షలో సగం మంది తప్పేది అక్కడే.

కొండ దిగి ఫోన్‌కి సిగ్నల్ అందాక హాషిమికి చేశాను. నోట్‌బుక్కు టైమూ, ఎడమ చెయ్యీ రెండూ చెప్పాను.

“నన్నూ రానివ్వండి,” అన్నాడు. “మీరొక్కరే వెళ్ళకండి.”

నేను ఆగలేదు.

నాలుగు గంటలకి యోక్ లిన్ తలుపు తీసింది. నా ముఖం చూడగానే ఆమెకి అర్థమైపోయిందనుకుంటాను. కుర్చీ లాగింది, తను కూర్చోలేదు.

“పొద్దున వచ్చింది సెల్వ,” అన్నాను. “కా వెంగ్ క్లచ్ ఇప్పుడు అతని బండిలో ఉంది. నీతో మాట్లాడదామని వచ్చి, దిగలేక వెళ్ళిపోతున్నాడు. దయ్యం లేదు.”

ఆమె కళ్ళు మూసుకుంది. ఊరట కనిపిస్తుందనుకున్నాను, కనిపించలేదు.

“సెల్వని అరెస్ట్ చేశారు యోక్ లిన్. కా వెంగ్‌ని చంపాడని. వాడు నోరు విప్పడం లేదు. ఎవరి కోసమో నీకు తెలుసు.”

దేవుడి అర మీద ఫోటోలో కా వెంగ్ నవ్వుతున్నాడు. ఆమె దానికి వీపు తిప్పి నిలబడి, జాకెట్టు మెడ గుండీ ఒకటి విప్పి, కాలరు పక్కకి లాగింది. కుడి భుజం మీంచి ఎదురొమ్ము మీదికి ఏటవాలుగా, అరచెయ్యంత వెడల్పు వాత. పసుపు, ఊదా రంగుల్లో మానుతోంది. సీటు బెల్టు గుర్తు. కుడి భుజం మీద బెల్టు పడేది డ్రైవర్‌కే.

“నాలుగో పాఠం అది,” అంది. “నాకు లైసెన్స్ లేదు. ఆపరేషన్ అయ్యాక ఆయన్ని నేనే ఇంటికి తీసుకురావాలని ఆయన పంతం. ‘ఎనిమిదేళ్ళు నిన్ను కుదుపుల్లో తిప్పాను, ఇకనుంచి నువ్వు నన్ను మెల్లగా తిప్పు’ అన్నాడు. పరీక్షలో ఎత్తు ఎక్కించాలి కదా, అందుకని కొండకి తీసుకెళ్ళాడు. పలక ముసలాయన దగ్గర బాగా ఎక్కించాను మేడమ్. ఆయన ఎంత సంతోషపడ్డాడో. బెల్టు తీసేసి వెనక్కి తిరిగి, ఆ వాలు మళ్ళీ చూసుకున్నాడు. పైన బండి తిప్పి దిగుతుంటే మలుపులో లారీ ఎదురొచ్చింది. బ్రేకు అనుకుని క్లచ్ తొక్కాను. బండి ఇంకా వేగం అందుకుంది. ఇంకా గట్టిగా తొక్కాను. ‘కాలు తియ్యి లిన్, ఆ కాలు తియ్యి’ అంటూనే ఉన్నాడు. తియ్యలేదు. రాలేదు కాలు.”

“తర్వాత?”

“కింద గడ్డిలో ఉన్నాడు. నన్ను చూసి మాట్లాడాడు. ‘పైకి ఎక్కు, ఇంటికెళ్ళు. నువ్వు రాలేదు. నేనే తోలాను’ అన్నాడు. ఆయన్ని వదిలి వెళ్ళనన్నాను. కళ్ళు మూసుకున్నాడు. పిలిచాను. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. అక్కడ ఫోన్ పనిచెయ్యదు. పాక్కుంటూ పైకెక్కాను. క్యాబేజీ లారీ ఎక్కి వచ్చేశాను. పోయాడు కదా, ఇంకెవర్ని పిలవను?” నా వైపు తిరిగింది. “వెంటనే పోయాడు కదా మేడమ్? నేనున్నప్పుడే పోయాడు. నేను చూశాను. చూశాను కదా?”

సంచి నా ఒళ్ళోనే ఉంది. అందులో డాక్టర్ రాసిన వాక్యం నాకు నోటికొచ్చు. ‘గాయాల తర్వాత కనీసం గంటన్నర, బహుశా రెండు గంటలు జీవించి ఉన్నాడు.’ స్పృహ తప్పినవాడి ఊపిరి, వణుకుతున్న చేతికి తెలియకపోవడంలో వింతేమీ లేదు. రుస్దీ పోయినప్పుడు నేనూ ఇదే ప్రశ్న అడిగాను. ఆ రోజు ఒక ఇన్‌స్పెక్టర్ నాకు నిజం చెప్పాడు. సంచి మూతి మీద చెయ్యి వేశాను.

“వెంటనేనమ్మా.”

గుమ్మం దగ్గర హాషిమి. బూట్లు బయట విడిచి, మేజోళ్ళతో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో.

“డాక్టరు రాశాడు. నేను చదివాను. మీరు అక్కడుండగానే అయిపోయింది. మీరు చెయ్యగలిగింది ఏమీ లేదు.”

యోక్ లిన్ అప్పుడు కూర్చుంది. తొమ్మిది రోజుల్లో మొదటిసారి ఏడ్చిందేమో, ఏడుపు ఎలా ఆపాలో తెలియనట్టు ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, “సెల్వని ఇవాళే వదిలేస్తారా? సంతకం ఎక్కడ పెట్టాలి?” అని అడిగింది. స్టేషన్‌కి బయల్దేరడానికి లోపలికి వెళ్ళింది.

హాషిమీ నేనూ వీధిలోకి వచ్చాం. అతను వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

“అబద్ధం చెప్పారు,” అన్నాను.

“మీరు నిజం చెప్పేస్తారేమోనని భయం వేసింది.”

“విచారణ రోజు ఆ రిపోర్టు గట్టిగా చదువుతారు హాషిమి. ఆమె ముందు వరసలోనే కూర్చుంటుంది.”

“తెలుసు. వచ్చే నెల పధ్నాలుగు.” లేచి నిలబడ్డాడు. పొద్దుటి మనిషి కాదు ఇతను. “అది కాదు నా భయం. మీరు ఫోన్ చేశాక ఆ క్యాబేజీ తోట కూలీని మళ్ళీ పిలిపించాను. పదీ ఇరవైకి కదా శవాన్ని చూశాడు. అంతకుముందు ఏమైనా విన్నావా అని మొన్న నేను అడగలేదు. ఇవాళ అడిగాను.”

“ఏం విన్నాడు?”

“ఎనిమిది గంటలప్పుడు పని మొదలెట్టాడు. లోయలోంచి ఎవరో పిలుస్తున్నారట. సాయం కోసం కాదు. ఒక్కటే పేరు. కాసేపు ఆగడం, మళ్ళీ పిలవడం. పక్క తోటలో ఎవడో పెళ్ళాన్ని పిలుస్తున్నాడనుకున్నాడట వీడు. తొమ్మిదిదాకా వినిపించింది, తర్వాత ఆగిపోయింది.”

“సాక్ష్యంగా రాసుకున్నారా?”

“సంతకం కూడా పెట్టించాను. ఆమె ఏం నమ్ముతోందో అప్పటికి నాకేం తెలుసు? కాగితం మేజిస్ట్రేటు ఆఫీసుకి వెళ్ళిపోయింది.”

లోపల తలుపు గడియ వేసిన చప్పుడు. యోక్ లిన్ చెప్పులు వేసుకుని బయటికొచ్చింది. ముఖం తేటగా ఉంది. జీపు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాను. ఎక్కి కూర్చుని, పక్కన నాకు చోటు చేస్తూ జరిగింది.

“ఇవాళ నిద్ర పడుతుంది మేడమ్,” అంది.